మునెమ్మ బొంతలో నడిమి వరస

కరోనా తగ్గి బస్సులన్నీ మళ్ళీ తిరగడం మొదలైన ఏడాది, జూన్ నెల మొదటి సోమవారం, మదనపల్లెలో మా కుట్టుపనుల మాసపత్రిక కార్యాలయంలో బొంతల పుస్తకం ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. అప్పటికి నా హోదా సాంకేతిక సంపాదకురాలు. పేరు పెద్దదే గానీ పని ఒక్కటే, కొలతలు సరిచూడడం. పదవీ విరమణకు ఇంకా ఏడాది కూడా లేదు. చేరిన నాటి నుంచి నేను సంతకం పెట్టిన కొలత ఒక్కటీ తప్పు పోలేదని ఆఫీసులో చెప్పుకునేవాళ్ళు. నేనూ చెప్పుకునేదాన్ని, అడగకపోయినా.

ఈ పని గురించి తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. కథల పత్రికలో తప్పు పడితే చదివేవాళ్ళు విసుక్కుని పేజీ తిప్పేస్తారు. కుట్టు పత్రికలో తప్పు పడితే ఎవరో ఒకామె ఇంట్లో గుడ్డ తప్పుగా తెగుతుంది. అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. నమూనా తెలిసిన మనిషి చెప్పిందంతా ముందు ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాం. దాన్ని ముడిప్రతి అంటాం. అది నా దగ్గరికి వస్తే, చేతి లెక్కల్ని అంగుళాల్లోకి మార్చి, కూడికలు సరిచూసి, ఎర్ర పెన్నుతో దిద్దుతాను. ఆ తర్వాత నమూనా కుట్టడం. అంటే అచ్చు కాబోయే మాటలు మాత్రమే ముందు పెట్టుకుని, ఎవరినీ ఏమీ అడక్కుండా, మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా కుట్టి చూడాలి. అది నెగ్గితేనే ప్రూఫులు. ప్రూఫుల మీద నా సంతకం పడ్డాకే ప్రెస్సుకు పోతుంది.

నన్ను వెనకాల 'స్కేలు కరుణమ్మ' అనేవాళ్ళని నాకు తెలుసు. పన్నెండు అంగుళాల ఉక్కు స్కేలు ఒకటి ఎప్పుడూ నా చేతిలో ఉండేది. క్రైస్తవ మిషన్ బడిలో కుట్టు టీచరమ్మ దగ్గర నేర్చుకున్న పని నాది. కుట్టు వంకర పోతే ఆవిడ మాట్లాడకుండా విప్పించేది, మళ్ళీ కుట్టించేది. ఆ గుణం నాకు అంటుకుంది, ఆవిడ ఓపిక మాత్రం అంటలేదు. నాకు కోపం జాస్తి. దానికి క్రమశిక్షణ అని మంచి పేరు పెట్టుకుని తిరిగేదాన్ని.

ఆ పుస్తకం గుడుపల్లె దగ్గర ఒక చిన్న పల్లెలో ఉండే మునెమ్మ చెప్పిన బొంతల గురించి. మునెమ్మకు అరవై దాటాయి. వయసంతా టమేటా తోటల్లో, కొన్నాళ్ళు గ్రానైటు ఫ్యాక్టరీలో కూలి చేసింది. పాత చీరలతో బొంతలు కుట్టడం అమ్మమ్మ నుంచి వచ్చిన విద్య. చదువు రాదు. కూతురు సుజాత కుప్పంలో నర్సు. కుప్పంలో ఆడవాళ్ళకు కుట్టు నేర్పే శిక్షణ కేంద్రం ఒకటి మునెమ్మ బొంతల్ని చూసి, పుస్తకం వస్తే దాన్ని పాఠంగా పెట్టుకుని ఆమెనే టీచరుగా వేసుకుంటామని చెప్పింది. ముందు ఆరు నెలలు చూస్తారు, నచ్చితే ఖాయం చేస్తారు. పుట్టి బుద్ధెరిగాక హాజరు పట్టీలో పేరు పడడం ఆమెకు అదే మొదటిసారని సుజాత ఫోనులో చెప్పింది. సంతకం నేర్చుకోడానికి పాత క్యాలెండరు కాగితాల వెనక నెల రోజులు రాసిందట.

కరోనా భయం పూర్తిగా పోలేదు కాబట్టి ఆ పల్లెకు మా వాళ్ళెవరూ వెళ్ళలేదు. మునెమ్మ చెబుతూ ఉంటే సుజాత ఫోనులో రికార్డు చేసి పంపింది. ఆఫీసులో దాన్ని టైపు చేసి నాకిచ్చారు. నేను మునెమ్మను చూడలేదు, ఆమె గొంతు వినలేదు, ఆమె బొంతను తాకలేదు. కాగితాలు చాలనుకున్నాను.

అందులో పెద్ద బొంత లెక్క ఇది. అడుగున ఒక పాత చీర పరుస్తారు. దాని మీద మెత్తదనం కోసం రెండు మూడు పొరలు పాత గుడ్డ. ఆ పైన గడులు, అంటే జానెడు జానెడు చదరంగా కోసిన ముక్కలు, అంచులు మడిచి, చీర రెండు అంచుల నుంచి లోపలికి వరసలుగా పేర్చుకుంటూ కుడతారు. మునెమ్మ చెప్పిన మాట ముడిప్రతిలో ఇలా ఉంది: "మూడు వరసలు ఈపక్క నుంచి, మూడు వరసలు ఆపక్క నుంచి. నడిమి వరస చీరనడిగి కోసుకోవాల."

జానెడు అంటే తొమ్మిది అంగుళాలని మా ఆఫీసు పట్టికలో ఉంది. గడి తొమ్మిది అంగుళాలని రాశాను. చుట్టూ పావు అంగుళం మడత పోతే ఎనిమిదిన్నర. అడ్డంగా ఆరు వరసలు, నిలువుగా ఎనిమిది, మొత్తం నలభై ఎనిమిది ముక్కలు. కూడిక తప్పు లేదు. ఇక ఆ రెండో వాక్యం దగ్గర ఆగాను. చీరను అడగడమేమిటి? చీర చెబుతుందా? అది కొలత కాదు, మాట వరస అనుకున్నాను. నవ్వుకున్నాను కూడా. ఎర్ర పెన్నుతో కొట్టేశాను.

ఇక నమూనా కుట్టడం. శిక్షణ కేంద్రంలో కొత్త బ్యాచి మొదలయ్యే రోజుకు పుస్తకం అందాలని ఎడిటరుగారు తొందర పెడుతున్నారు. నలభై ఎనిమిది గడుల బొంత చేత్తో కుట్టాలంటే వారాలు పడుతుంది. నేను ఒక మూల మాత్రం, అడ్డం మూడు, నిలువు నాలుగు, పన్నెండు గడులు కుట్టాను. చక్కగా వచ్చింది. నాలుగో వంతు సరిగా వస్తే తక్కిన మూడు వంతులూ అంతేగా అని సంతకం పెట్టేశాను. నాలుగో వంతులో నడుమ ఉండదు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

పుస్తకం బాగా వచ్చింది. అట్ట మీద మునెమ్మ ఒళ్ళో బొంత మడిచి పెట్టుకుని కూర్చున్న ఫొటో, పక్కన పెద్ద అక్షరాలతో ఆమె పేరు. నా పేరు లోపలి పేజీలో, ప్రెస్సువాళ్ళ చిరునామాకు పైన, చీమ తలకాయంత అక్షరాల్లో. మెప్పు వచ్చినా తిట్టు వచ్చినా అట్ట మీద పేరున్న మనిషికే పోతుంది.

రెండు నెలలు గడిచేసరికి ఉత్తరాలు మొదలయ్యాయి. బొంత కుదరలేదని ఒకామె, చీర చాలలేదని ఇంకొకామె. బి.కొత్తకోట నుంచి ఒక టీచరు మూడు పేజీలు రాసింది. ముక్కలు నిర్లక్ష్యంగా కోసుంటారు, పుస్తకం చూసి కోసే ఓపిక ఎవరికుంది అని పక్కన పెట్టాను. ఒకరిద్దరికి కటువుగా జవాబు కూడా రాశాను.

అప్పుడే కుప్పం కేంద్రం మేనేజరు సుధామణిగారు ఫోను చేశారు. తమ దగ్గర పిల్లలు పుస్తకం చూసి ముక్కలు కోసుకొస్తే ఏదీ అమరలేదని, మునెమ్మనడిగితే చేత్తో ఏదో చూపించబోతోందే గానీ అంగుళాలు చెప్పలేకపోతోందని, అసలు కొలతలు తెలియని మనిషిని టీచరుగా పెట్టుకున్నామా అని పైవాళ్ళు అడుగుతున్నారని చెప్పారు. ఆవిడ అడిగింది సూటి ప్రశ్న. తప్పు మీదా, ఆమెదా?

ఫైలు తెరిచి చూసి చెబుతానని అనాల్సింది. నేను తెరవలేదు. "రచయిత చెప్పిన కొలతలే వేశాం మేడం" అన్నాను. ఫోను పెట్టేసి టీ తాగాను.

తర్వాత వారం పుంగనూరు నుంచి నూర్జహాన్ అనే ఆవిడ ఉత్తరం రాయకుండా తనే వచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో. భుజాన పెద్ద గుడ్డ సంచి. వస్తూనే గొడవ పడుతుందనుకుని నేను ముందే గొంతు సవరించుకున్నాను. ఆవిడ గొడవ పడలేదు. చెప్పులు బయట విప్పి వచ్చి, "మేడం, రవంత ఈ బల్ల జరిపిస్తే కింద పరిచి చూపిస్తాను" అంది.

బల్ల జరిపాం. ఆవిడ సంచిలోంచి ఒక ఆకుపచ్చ నూలు చీర తీసి నేల మీద పరిచింది. దాని మీద, ఒక్కొక్కటే, తొమ్మిది అంగుళాల ముక్కలు. అంచులు మడిచి, ఇస్త్రీ చేసి, నేను రాసింది రాసినట్టు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరో ముక్క చీర మీద సగం కూడా ఆనలేదు, తక్కినదంతా నేల మీద ఉంది.

చీర పన్నా, అంటే వెడల్పు, నలభై అయిదు అంగుళాలు. ఎనిమిదిన్నర ఆరుసార్లు యాభై ఒకటి. చీర పన్నా ఎంతో తెలియని ఆడది ఈ భూమ్మీద ఉందా? రోజూ కట్టుకునేదే కదా! ఆ నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను. తల కొట్టేసినట్టయింది.

నూర్జహాన్ నెమ్మదిగా చెప్పింది. "ఇవి మా అమ్మ చీరలు మేడం. అమ్మ పోయి రెండేండ్లయింది. బీరువాలో పెట్టుకుని సూసుకుంటా ఏడ్సే బదులు బొంత కుట్టుకుంటే రోజూ కప్పుకుంటా కదా అనుకున్నా. పుస్తకంలో ముందు అన్నీ కోసి పెట్టుకోమనుంటే అన్నీ కోసేసినా. ఇంగ వేరే చీరల్లేవు. ఆ మునెమ్మ అనే ఆమెకు తెలీకపోతే పుస్తకం యాల రాసిందో, ఏమో."

ఆ చివరి మాట నాకు సూదిలా గుచ్చుకుంది. ఆవిడను కూర్చోబెట్టి బీరువాలోంచి ఫైలు తీశాను. నిజం చెప్పాలంటే అప్పటికి కూడా తప్పు మునెమ్మదే అయి ఉండాలని లోపల ఎక్కడో ఆశ. ఆరో పేజీలో నా ఎర్ర గీత కనిపించింది. గీత కింద మాటలు స్పష్టంగా ఉన్నాయి. నడిమి వరస చీరనడిగి కోసుకోవాల. అంటే, రెండు వైపుల నుంచీ వచ్చాక నడుమ మిగిలిన జాగా ఎంతో చీర మీద చూసి, ఆ వెడల్పుకు సన్నగా వరస కోసుకోమని. ఎవరి చెయ్యి ఎంతదైనా, గడి ఎంతదైనా, ఆ ఒక్క వాక్యంతో బొంత చీరకు సరిపోతుంది. ఆమె చెప్పింది. నేను కొట్టేశాను. పైగా ఆమె చెప్పిన కొలతలే వేశామని ఫోనులో అన్నాను.

ఎడిటరుగారికి ఫైలు చూపించాను. ఆయన మంచి మనిషి. నన్ను కాపాడాలనే చూశారు. వచ్చే సంచికలో మూలన సవరణ వేద్దామన్నారు. మా భాషలో సవరణ అంటే 'ఫలానా పేజీలో అచ్చు పొరపాటు దొర్లింది, ఇలా చదువుకోగలరు' అని రెండు లైన్లు. ఎవరి పొరపాటో ఉండదు. సంపాదకీయానికి కింద, ఇంకులో నీళ్ళు కలిసినట్టు వెలిసిపోయిన అక్షరాల్లో, ఎవరి కంటా పడదు. "ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతున్నారు కరుణమ్మా, ఇన్నేళ్ళ పేరు ఎందుకు చెడగొట్టుకోవడం" అన్నారు. సరేనన్నాను. ఆదివారం చర్చిలో పాటలు పాడాను, కానుక వేశాను, ప్రసంగంలో ఒక్క ముక్క చెవికెక్కలేదు.

సోమవారం సుజాత ఫోను చేసింది. నిష్ఠూరం కోసం కాదు, పుస్తకాలు ఇంకో రెండు పంపగలరా అని. మాటల్లో చెప్పింది. వాళ్ళ అమ్మను ఈ శనివారం దాకా వచ్చి, తర్వాత రావద్దన్నారట. "మేడం, అమ్మ ఇంటికొచ్చి సూదులు, దారాలు అన్నీ డబ్బాలో పెట్టి అటక మింద పడేసింది. నేను అట్ట సెప్పినాను గదా, పుస్తకంలో వేరేగా యాలుండాది అని ఒకటే అంటాది. సదువుకోలేదు గదా, ఏ మాట యాడ పోయిందో ఎదుక్కోను గూడా లేదు. సూద్దామంటే ఆ రికార్డు నా ఫోనులో గూడా లేదు."

శనివారం నేను కుప్పం వస్తున్నానని, అమ్మను కేంద్రానికి రమ్మనమని మాత్రం చెప్పాను. నూర్జహాన్‌కు కూడా ఫోను చేశాను. ముక్కలన్నీ తెచ్చుకుని పుంగనూరు బస్టాండులో ఎక్కమన్నాను.

మదనపల్లె నుంచి కుప్పం మూడు గంటల పైమాటే. పుంగనూరులో నూర్జహాన్ ఎక్కింది. దారి పొడుగునా ఆవిడ ఏదో మాట్లాడుతోంది, నేను ఊఁ కొడుతున్నాను. అక్కడికెళ్ళి ఏం చెప్పాలో మనసులో నాలుగు రకాలుగా దిద్దుకున్నాను. దిద్దిన ప్రతిసారీ నా తప్పు కాస్త చిన్నదవుతోంది. పలమనేరు దాటాక దిద్దడం మానేశాను.

కేంద్రంలో పొడుగాటి హాలు. గోడ వారగా కుట్టు మిషన్లు, నడుమ చాపలు, చాపల మీద పద్దెనిమిది ఇరవై మంది ఆడపిల్లలు. మునెమ్మ ఒక మూల గోడకానుకుని కూర్చుంది. ఫొటోలో కంటే చిన్న మనిషి. మొదట నా కళ్ళు పడ్డది ఆమె చేతుల మీద. చిన్న చేతులు, పొట్టి వేళ్ళు. ఆ జాన తొమ్మిది అంగుళాలు ఎక్కడ ఉంటుంది?

సుధామణిగారి గదిలోకి పిలిచారు. నేను హాల్లోనే చెబుతానన్నాను. ఫైలు తెరిచి ఆరో పేజీ ఆవిడ చేతికిచ్చి, ఆ పిల్లలందరికీ వినబడేలా చదవమన్నాను. ఆవిడ కొట్టేసిన వాక్యం పైకి చదివారు. అప్పుడు చెప్పాను. "ఈ మాట మునెమ్మక్క చెప్పింది. అర్థం కాక నేను కొట్టేశాను. గడి కొలత కూడా ఆమె చెప్పింది కాదు, నేను వేసింది. మీరు ఫోను చేసినప్పుడు ఫైలు చూడకుండా ఆమె మీదికి నెట్టాను. తప్పు నాది."

మునెమ్మ లేచి వచ్చింది. పెద్దమనసు చేసుకుని పోనీలెమ్మంటుందని నేను ఆశపడి ఉంటే, ఆ ఆశ అక్కడే ఆవిరైపోయింది.

"నువ్వా కొట్టేసింది?" అంది.

"నేనే అక్కా."

"యాల కొట్టేస్తివి? నీకు తెలీకుంటే నన్నడగాల గదా! మా సుజాత నంబరు ఉండాది గదా నీ తావ. రెండు నెలలుగా నాకు నిద్ర లేదు. నేనే తప్పు సెప్పినానేమో, నాకు మతి పోయిందేమో అని మా అమ్మమ్మ కుట్టిన బొంత తీసి తీసి సూస్తా ఉండా. ఈ బిడ్డలు నన్ను సూసి నవ్విరి. నువ్వాడ కుర్చీలో కుసోని గీత గీస్తివి!"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. క్షమించమని అడిగాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, నా పక్కన నిలబడ్డ నూర్జహాన్ సంచి వైపు చూసింది. "ఆ యమ్మ తెచ్చినదేంది?"

నూర్జహాన్ చీర పరిచింది. ముక్కలు పేర్చింది. ఆరో ముక్క అలాగే చీర దాటి నేల మీద పడింది. అందరూ చూస్తున్నారు. సుధామణిగారు కూడా వచ్చి చాప పక్కన నిలబడ్డారు. ఇవి తల్లి చీరలని, ఇంకో గుడ్డ లేదని నూర్జహాన్ చెప్పింది. మునెమ్మ ఒక ముక్క చేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్ది చూసింది.

"నూలు సీరలు. బాగా మాగిన గుడ్డ. ఏమీ పోలేదు లేమ్మా, ఏడవబాక" అంది. తర్వాత చాప మీద కూర్చుని, ఈపక్క అంచు నుంచి మూడు గడులు పెట్టింది. ఆపక్క అంచు నుంచి రెండే పెట్టింది. నడుమ సందు మిగిలింది. దాని మీద వేళ్ళు అడ్డంగా ఆనించి చూసి, మిగిలిపోయిన ముక్కల్లో ఒకటి తీసి, మడతకు కాస్త వదిలి, కత్తెరతో పొడుగ్గా మూడు పట్టీలు చేసింది. ఒక పట్టీని మడిచి ఆ సందులో పెట్టింది. అతికినట్టు కూర్చుంది. మిగిలిన వరసలకు ఇంకో రెండు ముక్కలు కోస్తే సరిపోయింది.

"నడుమ అంటే సరిగ్గా నడుమ కాదు గదా ఇది, ఒక పక్కకు జరిగింది" అని ఒక పిల్ల అంది.

"నడుమ అంటే యాడ జాగా మిగిలితే ఆడ" అంది మునెమ్మ. "సెయ్యి పెద్దదైతే వరస తగ్గుతాది, సిన్నదైతే పెరుగుతాది. సీర మాత్రం మారదు. అందుకే సీరనడగమనేది. మీ మీ సేతుల్తో కొలుసుకోండి, ఊఁ, కానీండి!"

పిల్లలు ఒక్కొక్కరే చీర మీద జానలు వేయడం మొదలుపెట్టారు. ఒకరికి ఆరు పట్టి బెత్తెడు మిగిలింది, ఒకరికి అయిదు పట్టి చాలా మిగిలింది. ఎవరికి ఎంత మిగిలితే వాళ్ళకు అంత నడిమి వరస. హాలంతా సందడి. మునెమ్మ ఒకరి దగ్గర్నుంచి ఒకరి దగ్గరికి పోతూ వేళ్ళు సరిచేస్తోంది. సుధామణిగారు తన గదిలోకి వెళ్ళి హాజరు పట్టీ పట్టుకొచ్చారు. మునెమ్మ పేరు మీద గీత కొట్టేశారేమోనని తొంగి చూశాను. కొట్టలేదు. ఆ రోజు గడి ఖాళీగా ఉంది. ఆవిడ పెన్ను మూత తీసి మునెమ్మకు అందించారు. "సోమవారం కూడా తొమ్మిదిన్నరకే మునెమ్మా. పైవాళ్ళకు నేను రాస్తాను" అన్నారు. మునెమ్మ చాప మీదే కూర్చుని, నాలుక కొస పంటి కింద పెట్టుకుని, ఒక్కో అక్షరమే రాసింది. నూర్జహాన్ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఏడ్చింది.

నేను బయల్దేరబోతే మునెమ్మ ఆపింది. "నువ్వు యాడికి పోతావు? పుస్తకం అచ్చేసే ముందు బొంత కుట్టినావా?" అనడిగింది. ఒక మూల కుట్టానన్నాను. ఆమె పిల్లల వైపు తిరిగి, "ఒక మూల కుట్టిందంట!" అంది. అందరూ గొల్లుమన్నారు. "అట్టయితే కుట్టు. మొత్తం. నా కళ్ళ ముందర. శనివారం శనివారం రా. అది అయినాక నీకూ నాకూ మాటలు."

ఎడిటరుగారు వద్దంటున్నా, తర్వాతి సంచికలో సవరణ మూలన కాకుండా మొదటి పేజీలో వేయించాను. మునెమ్మ చెప్పిన వాక్యం, దాన్ని కొట్టేసింది ఎవరు, జాన కొలత వేసింది ఎవరు, అన్నీ నా పేరుతో. కటువుగా జవాబు రాసిన ఇద్దరికీ, బి.కొత్తకోట టీచరుకూ విడిగా ఉత్తరాలు రాశాను. మా వృత్తిలో సవరణ కింద పేరు వేయడం అంతకు ముందు చూడలేదు. ఆకాశం ఏమీ విరిగి పడలేదు. కొన్నాళ్ళు ఆఫీసులో నన్ను చూసి మాటలు ఆపేవాళ్ళు. తర్వాత అదీ పోయింది.

పదకొండు శనివారాలు కుప్పం వెళ్ళాను. పిల్లల నడుమ చాప మీద కూర్చుని, మునెమ్మ విప్పమన్నప్పుడు విప్పి, మళ్ళీ కుట్టాను. మొదటి శనివారం గడి కోయబోతూ అలవాటు కొద్దీ సంచిలోంచి స్కేలు తీశాను. మునెమ్మ దాన్ని లాక్కోలేదు. "ఆ ఇనపముక్కతో ముందు నీ సెయ్యి కొలుసుకో" అంది. కొలుచుకున్నాను. ఏడు ముప్పావు. ఇన్నేళ్ళు ఊళ్ళో అందరి జానలకూ తొమ్మిదని రాసిన దాన్ని, నా చెయ్యి నేను ఎన్నడూ కొలుచుకోలేదు.

బొంత పూర్తయిన రోజు మునెమ్మ దాన్ని ఎత్తి వెలుతురుకు పెట్టి, వెనకా ముందూ చూసి, "మ్, కప్పుకోవచ్చు" అంది. తర్వాత టీ తెప్పించింది. అప్పటి నుంచి మాట్లాడుతోంది. ఇప్పుడు ఆమె అక్కడ ఖాయపు టీచరు. నూర్జహాన్ తల్లి చీరల బొంత కప్పుకునే పడుకుంటుందట. పుస్తకం రెండో ముద్రణ నేను ఉద్యోగం వదిలే వారం ప్రెస్సుకు వెళ్ళింది. నేను చివరిసారి సంతకం పెట్టిన ప్రూఫు అదే.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. నమూనాను మూల నుంచి మూల దాకా కుట్టండి. అర్థం కాని వాక్యం కనబడితే ఎర్ర పెన్ను తీయకండి, ఫోను తీయండి. చెప్పిన మనిషి బతికే ఉంటుంది, అడిగితే చెబుతుంది.

నా బొంతలో నడిమి వరస ఒకటిన్నర అంగుళం. ఆ అంకె రెండో ముద్రణలో లేదు. అది ఉండాల్సిన చోట మునెమ్మ వాక్యం ఉంది, ఆమె అన్నది అన్నట్టుగా.